ఆమె ఒప్పుకుంది, డబ్బూ ఎక్కువే వస్తోంది. మరి సెక్స్ టూరిజంలో తప్పెక్కడ?

నిలకడ (ప్రశ్న)

మా స్నేహితులు థాయిలాండ్‌లోని పటాయాకి ట్రిప్ వేసుకుంటున్నారు. ఎందుకు వెళ్తున్నారో ఎవరూ దాచడం లేదు. నేను రానన్నాను. అక్కడితో ఆగకుండా గ్రూపులో పెద్ద వాదనే నడిచింది. అందులో ఒక స్నేహితుడు అడిగినదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అప్పటినుంచి మనసు అక్కడే ఉంది.

వాడి మాటల్లోనే రాస్తున్నాను. "ఆమె పెద్దది, చిన్నపిల్ల కాదు. ఎవరూ ఈడ్చుకొచ్చి కూర్చోబెట్టలేదు. ఫ్యాక్టరీలో రోజంతా నిలబడితే వచ్చేది నాలుగు వందల బాత్‌ల (థాయ్ కరెన్సీ) దరిదాపు, ఇక్కడ ఒక్క రాత్రికి దానికి ఎన్నో రెట్లు వస్తుంది. నేను వెళ్లకపోతే ఆమెకు ఆ డబ్బు పోతుంది గానీ పేదరికం పోదు కదా. ఆ పేదరికం నేను తెచ్చిపెట్టింది కాదు. నీ ఒంటిమీద చొక్కా కుట్టినామె కూడా గతిలేకే కుట్టింది. అక్కడ నీకు కనిపించని తప్పు ఇక్కడెందుకు కనిపిస్తోంది?"

నా ఉద్దేశం ముందే చెప్తాను. ఆ పని చేసే ఆడవాళ్లది తప్పని నేను అనడం లేదు. పిల్లల విషయంలో చర్చే లేదు, అది నేరం. బలవంతంగా అమ్మేసినవాళ్ల సంగతీ అంతే. నాకు తేలనిది మధ్యలో ఉన్నది. ఇద్దరూ పెద్దవాళ్లు, ఇద్దరూ సరేనన్నారు, ఇద్దరికీ ఎంతోకొంత లాభమే. ఒకరి దగ్గర డబ్బు బాగా ఎక్కువ, ఇంకొకరి దగ్గర బాగా తక్కువ అన్న ఒక్క కారణంతో అది తప్పవుతుందా? అవుతుందంటే ఎలా?

దయచేసి మన సంస్కృతి, మన సంప్రదాయం అనే జవాబులు వద్దు. వాటితో వాడిని ఒప్పించలేను, నేనూ ఒప్పుకోలేను.

తూర్పుగాలి

నేను కొన్నేళ్లు థాయిలాండ్‌కి గ్రూపులు తీసుకెళ్లే టూర్ మేనేజర్‌గా చేశాను, అక్కడ చూసినదాన్నిబట్టి చెప్తాను.

మీ స్నేహితుడు చెప్పినదాంట్లో నిజముంది. పటాయా బార్లలో పనిచేసేవాళ్లలో చాలామంది ఈసాన్ నుంచి, అంటే ఈశాన్య జిల్లాల నుంచి వస్తారు. వానమీద ఆధారపడిన వరి, ఇంటిమీద అప్పు, ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న బిడ్డ. ఇక్కడికి రాకముందు ఫ్యాక్టరీలో చేసినవాళ్లు, హోటల్ గదులు తుడిచినవాళ్లు వాళ్లలో ఎందరో. అక్కడెంత, ఇక్కడెంత అని లెక్క చూసుకునే వచ్చారు. వాళ్లకేమీ తెలియదన్నట్టు జాలిపడితే నాకు కోపమొస్తుంది.

అయితే మీవాడు ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాడు: ఆమె ఔనందా లేదా. నేను అడిగేది వేరు. ఆ రాత్రి ఆ మనిషిని ఆమె కాదంటే ఆమెకు ఏమవుతుంది?

బార్ ఎలా నడుస్తుందో మీవాడికి సగమే తెలిసి ఉంటుంది. కస్టమర్ ఆమెను బయటికి తీసుకెళ్లాలంటే ముందు బార్‌కి డబ్బు కట్టాలి. దాన్ని బార్ ఫైన్ అంటారు. ఆమెకిచ్చేది అది కాక వేరే. చాలా బార్లలో నెలకిన్ని డ్రింకులు కస్టమర్లతో కొనిపించాలని కోటా ఉంటుంది, కొన్నిచోట్ల నెలకిన్నిసార్లు బయటికి వెళ్లాలని కూడా. ఆలస్యమైతే కోత, సెలవు పెడితే కోత, బరువు పెరిగితే కోత. కాబట్టి నచ్చని మనిషిని కాదంటే పోయేది ఆ రాత్రి డబ్బొక్కటే కాదు, నెల జీతంలోంచి కూడా పోతుంది. ఆ "సరే" ఇన్నిటి మధ్య వచ్చిన సరే. అది అబద్ధమని నేననను. కానీ దాన్ని కాగితంలా చూపించి "ఆమె ఒప్పుకుందిగా" అంటే నాకు చాలదు.

ఇంకొకటి చెప్తాను, టూరిస్టులు దీన్ని పట్టించుకోరు. చాలా హోటళ్లలో గదికి వచ్చే అమ్మాయి తన గుర్తింపు కార్డు రిసెప్షన్‌లో ఇచ్చి పైకి వెళ్లాలి. దిగి వచ్చేటప్పుడు గదికి ఫోన్ చేసి, ఏమైనా పోయిందా అని అతిథిని అడిగి, అప్పుడు కార్డు తిరిగిస్తారు. అతిథికి పూర్తి రక్షణ. మరి అతను మాట్లాడుకున్న డబ్బు ఇవ్వకపోతే? కొడితే? అతని పేరేమిటో ఆమెకు తెలియదు. పోలీసుల దగ్గరికి వెళ్తే ముందు తనే ఇరుక్కుంటుంది, ఎందుకంటే అక్కడి 1996 వ్యభిచార నిరోధక చట్టం ప్రకారం ఆ పని నేరం. అతను మర్నాడో ఆ మర్నాడో విమానం ఎక్కేస్తాడు. డబ్బు తేడా నోట్లలో మాత్రమే ఉండదండి. ఎవరి కార్డు కౌంటర్లో ఉంటుంది, ఎవరి మాట నమ్ముతారు, ఎవరు ఊరు దాటి వెళ్లగలరు, అన్నిటిలోనూ అదే తేడా.

ఇక బేరం గురించి. మా గ్రూపుల్లో మగవాళ్లు బీరు దగ్గర బేరమాడేవాళ్లు కాదు, దానికి మెనూలో ధర రాసి ఉంటుంది. బీచ్ రోడ్డులో కొబ్బరిచెట్ల కింద నిలబడ్డ మనిషి దగ్గర మాత్రం బేరమాడేవాళ్లు. రాత్రి పొద్దుపోయేకొద్దీ ఆమె దిగివస్తుందని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు, కొందరు కావాలనే అర్ధరాత్రి దాటేదాకా ఆగేవాళ్లు. ఆమె అవసరం ఎప్పుడు బాగా ముదురుతుందో కనిపెట్టి ఆ గంటకు వెళ్లడం అది. మీరడిగిన "తప్పెక్కడ"కి నా జవాబు ఇదే. డబ్బు తేడా ఉండటం అతని తప్పు కాదు. ఆ తేడా ఎక్కడ ఎక్కువో వెతుక్కుంటూ విమానం ఎక్కి వెళ్లి, అక్కడ దాన్ని ఇంకా పిండటం అతను చేసే పని.

చొక్కా సంగతికి వద్దాం. 2013లో బంగ్లాదేశ్‌లో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయినప్పుడు, వాళ్లు ఇష్టపడే పనికొచ్చారు కదా అని ప్రపంచం వదిలేయలేదు. ముందురోజే గోడలు పగుళ్లిచ్చాయి, అయినా రమ్మంటే వెళ్లారు, వెళ్లకపోతే జీతం పోతుందని. ఆ ఏడాదే పెద్ద బ్రాండ్లు భవనాల భద్రత మీద ఒప్పందం మీద సంతకం చేయాల్సి వచ్చింది. అంటే కొనేవాడికీ బాధ్యత ఉందనే తేల్చారు. మీ స్నేహితుడు చొక్కా ఉదాహరణ ఎత్తింది బాధ్యత తప్పించుకోవడానికి. అది అతని మెడకే చుట్టుకుంటుంది.

లెక్కలపుస్తకం

తూర్పుగాలి గారు చూసి రాశారు కాబట్టి గౌరవంతోనే విభేదిస్తున్నాను. కోటాలు, కోతలు, కార్డులు, పోలీసు భయం: మీరు చెప్పిన తప్పులన్నీ పని పరిస్థితుల్లో ఉన్నవి. అసమానత వల్ల వచ్చినవి కావు. వాటిని మారిస్తే మీ అభ్యంతరం పోవాలి కదా?

మార్చవచ్చని చూపించినవాళ్లూ ఉన్నారు. 1985లో బ్యాంకాక్‌లో బార్లకు పేరుపడ్డ పత్‌పోంగ్‌లో మొదలైన ఎంపవర్ అనే సెక్స్ వర్కర్ల సంస్థ మొదట చేసిన పని ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పడం. ఆ పని మాన్పించడానికి కాదు, కస్టమర్‌తో తమంతట తాము మాట్లాడుకోవడానికి. వాళ్లే 2006లో చియాంగ్ మాయ్‌లో 'కెన్ డూ' అని సొంత బార్ తెరిచారు. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు, సోషల్ సెక్యూరిటీ, కోతలు లేవు. వచ్చే కస్టమర్ డబ్బున్నవాడే, ఈమె పేదదే. అసమానత అలాగే ఉంది, మీరు చెప్పిన దోపిడీ మాత్రం లేదు.

రెండోది. అందరూ నిలకడ గారిలాగే వెళ్లడం మానేస్తే ఏమవుతుందో 2020లో చూశాం. మార్చిలో బార్లు మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. ప్రభుత్వం అసంఘటిత కార్మికులకు నెలకు 5,000 బాత్‌ల సాయం ప్రకటిస్తే, తమ పని చట్టం దృష్టిలో పనే కాకపోవడంతో వీళ్లలో చాలామందికి అది అందలేదు. టూరిస్టు రాకపోయినంత మాత్రాన ఎవరి పేదరికమూ తగ్గలేదు. పేదవాళ్లతో లావాదేవీ పెట్టుకున్నవాడిని ప్రశ్నిస్తాం, అసలు వాళ్ల వైపే చూడనివాడిని ఏమీ అనం. రెండోవాడు ఎందుకు మంచివాడయ్యాడో నాకెప్పుడూ అర్థం కాదు.

వెన్నెలవాడ

"ఆ పేదరికం నేను తెచ్చిపెట్టింది కాదు" అన్న మాట దగ్గరే ఆగిపోయాను. మీ స్నేహితుడొక్కడే తేలేదు, నిజమే. కానీ అది వానలా పైనుంచి పడిందీ కాదు.

పటాయా ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికన్ సైనికులు సెలవుకు వచ్చి విశ్రాంతి తీసుకునేందుకు 1967లో రెండు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పక్కనే ఊ-తపావ్ వైమానిక స్థావరం. బార్లు సైనికుల కోసం వచ్చాయి, సైనికులు పోయాక టూరిస్టుల కోసం ఉండిపోయాయి. ఫిలిప్పీన్స్‌లోనూ అదే కథ. ఏంజెలెస్ ఊరి పక్కన క్లార్క్, ఒలాంగపో ఊరి పక్కన సూబిక్, రెండూ అమెరికా సైనిక స్థావరాలు. 1992 నాటికి అమెరికా రెండూ ఖాళీ చేసి వెళ్లింది. ఏంజెలెస్ బార్లు మాత్రం పోలేదు, విదేశీ కస్టమర్లు విమానాల్లో వస్తున్నారు.

క్యూబా సంగతి ఇంకా స్పష్టం. 1991లో సోవియట్ యూనియన్ కూలాక, 1993లో అక్కడ డాలర్లు ఉంచుకోవడం చట్టబద్ధం చేశారు. డాక్టరు నెల జీతం పెసోల్లో, డాలర్లలోకి మారిస్తే చిల్లర. టూరిస్టు ఒక సాయంత్రం ఇచ్చేది దానికంటే ఎక్కువ. చదువుకున్న అమ్మాయిలు హోటళ్ల ముందు నిలబడ్డారు. వాళ్లు చదువులేనివాళ్లు కారు, పనిరానివాళ్లు కారు. వాళ్ల డబ్బుకు విలువ పోయింది, అంతే. ఆ పోయిన విలువే టూరిస్టుకు లాభమైంది.

ఇది మగవాళ్లు, ఆడవాళ్ల గొడవ మాత్రమే అనుకునేవాళ్లు గాంబియా తీరమో కెన్యా తీరమో చూడాలి. అక్కడికి యూరప్ నుంచి వయసు మళ్లిన ఆడవాళ్లు వస్తారు, స్థానిక కుర్రాళ్లు వాళ్ల వెంట తిరుగుతారు. కుర్రాళ్ల ఆశ చాలాసార్లు ఆ డబ్బుమీద కాదు, వీసామీద. ఆమె వీసా చిక్కు లేకుండా వస్తుంది, అతను ఆమె దేశం వెళ్లాలంటే బ్యాంకులో ఎంతుందో చూపించాలి.

దీన్ని తప్పుగా గుర్తించింది బయటివాళ్లు మాత్రమే కాదు. 1973లో జపాన్ మగవాళ్ల టూర్లకు వ్యతిరేకంగా దక్షిణ కొరియా విద్యార్థినులు సియోల్ కింపో విమానాశ్రయంలో నిలబడ్డారు. జపాన్ మహిళలు టోక్యో హనేదా విమానాశ్రయంలో తమ దేశపు మగవాళ్లకే ఎదురు నిలబడ్డారు. 1995లో కైరోలో ప్రపంచ పర్యాటక సంస్థ చేసిన ప్రకటనలో కూడా వెళ్లినచోటి ఆర్థిక అసమానతను వాడుకోవడం గురించి నేరుగా ఉంది.

లెక్కలపుస్తకం గారూ, కెన్ డూ లాంటివి ఎన్ని ఉన్నాయి? ఒక్క మంచి బార్ చూపించి నిలకడ గారి స్నేహితులు వెళ్లేది అక్కడికేనన్నట్టు మాట్లాడటం సరికాదు. నార్వే 2009లో చట్టం తెచ్చింది: తన పౌరుడు విదేశంలో డబ్బిచ్చి సెక్స్ కొన్నా నేరమే. నాకు అదే సరైన దారి అనిపిస్తుంది. ఆమెను వదిలేసి, వెళ్లేవాడిని పట్టుకోవాలి.

నిలకడ

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాదంటే ఏమవుతుంది అన్న ప్రశ్న, కార్డు సంగతి రెండూ గ్రూపులో పెట్టాను. వెంటనే వచ్చిన జవాబు ఇది: "సరే, బేరమాడం. అడిగినదానికంటే రెట్టింపు ఇస్తాం. అప్పుడు తప్పు లేదుగా?"

తూర్పుగాలి గారూ, దీనికేమంటారు? బేరమాడటమే తప్పయితే ఎక్కువ ఇస్తే ఒప్పవ్వాలి. నాకు ఎందుకో మనసొప్పడం లేదు, కారణం మాత్రం చెప్పలేకపోతున్నాను.

తూర్పుగాలి

ఎక్కువ ఇవ్వడం తక్కువ ఇవ్వడం కంటే నయమే. ఆమె ఇంటికి ఆ డబ్బు నిజంగా పనికొస్తుంది. దాన్ని తీసిపారేయను.

మీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. డబ్బు పెరిగేకొద్దీ ఆమెకు కాదనడం ఇంకా కష్టమవుతుంది. ఇది ఊహ కాదు. కండోమ్ లేకుండా అయితే ఇంకింత ఇస్తానని అడిగే కస్టమర్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. బ్యాంకు మేనేజర్‌ని అలా కొనలేడు. ఇంట్లో జబ్బుపడ్డ తండ్రి ఉన్న మనిషిని కొనగలడు. ఆమె చెప్పిన ఔనుకు ధర కట్టడం వేరు, ఆమె చెప్పబోయే కాదుకు ధర కట్టడం వేరు. ధనిక దేశపు జేబుతో వచ్చినవాడు రెండోది కూడా చేయగలడు, అదీ అతనికి పెద్ద బరువనిపించకుండానే.

థాయిలాండ్ దీనికి ఒకసారి చాలా తెలివైన పరిష్కారం కనిపెట్టింది. 1989లో రాచబురిలో మొదలుపెట్టి 1991లో దేశమంతా పెట్టారు: ఏ వ్యభిచార గృహంలోనైనా, ఏ కస్టమర్‌కైనా, కండోమ్ లేకుండా కుదరదు. పాటించని ఇంటిని మూసేస్తారు. దాంతో ఎక్కువ డబ్బు చూపించినా పక్కింట్లో కూడా దొరకదు. ఆమె ఒంటరిగా నిలబడి వద్దనాల్సిన పని తప్పింది. సుఖవ్యాధులు, హెచ్ఐవీ కొత్త కేసులు బాగా పడిపోయాయి. ఆ నియమాన్ని నడిపిన తీరులో పోలీసుల జులుం ఉందనీ, ఆడవాళ్లను అడక్కుండా చేశారనీ విమర్శలున్నాయి, అవీ నిజమే. కానీ ప్రాణం మీదికి వచ్చే విషయాన్ని బేరంలోంచి తీసి పక్కన పెట్టాలన్న ఆలోచన సరైనది. మీ గ్రూపువాళ్లు రెట్టింపు ఇవ్వడం దీనికి సరిగ్గా ఎదురుదారి. అన్నిటినీ బేరంలోకే తెస్తుంది.

లెక్కలపుస్తకం గారూ, ఇది పని పరిస్థితుల సంగతే కదా అంటారని తెలుసు. ఔను. మీరు చెప్పిన కెన్ డూ అంటే నాకూ గౌరవం. కానీ పని పరిస్థితులు వేరు, అసమానత వేరు అని మీరు గీసిన గీత నాకు కనిపించదు. ఆ కోతలు బ్యాంకాక్ ఆఫీసుల్లో ఎందుకు నడవవు? ఒప్పుకోకపోతే మానేసి వెళ్లిపోయేవాళ్లు అక్కడ ఉంటారు కాబట్టి. కోతలు నిలబడేది వెళ్లడానికి వేరే చోటు లేనివాళ్ల మీదే.

ఇంకొక సంవత్సరం చెప్తాను. 1997 జులై 2న థాయ్ ప్రభుత్వం బాత్ విలువను ఒకే రేటు దగ్గర కట్టి ఉంచడం మానేసి, దాన్ని మార్కెట్‌కి వదిలేసింది. అంతకుముందు డాలరుకు సుమారు 25 బాత్‌లు. 1998 జనవరికి 50 దాటింది. బాత్‌లలో అదే రేటయితే డాలరు పట్టుకొచ్చినవాడికి ఆరు నెలల్లో సగానికి సగం చవక. ఆమె పనిలో ఏం మారింది? ఏమీ మారలేదు. పైగా ఫ్యాక్టరీలు మూతపడి అన్నదమ్ములు ఊరికి తిరిగొచ్చారు, ఇంటికి ఈమె పంపే డబ్బే దిక్కయింది. అతనికి చవకైందీ, ఆమె అవసరం పెరిగిందీ ఒకే కారణంతో. అందుకే ఇద్దరికీ లాభమేగా అన్నప్పుడు నేను ఆ లాభం ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాను.

నార్వే చట్టం మీద వెన్నెలవాడ గారితో పూర్తిగా కలవలేను. కస్టమర్ భయపడితే ఆమెను ఇంకా చీకటి సందులోకి రమ్మంటాడు, ఆ నష్టం ఆమెకే. ఎంపవర్ వాళ్లు అడుగుతున్నది వేరు: 1996 చట్టాన్ని తీసేయండి, మామూలు కార్మిక చట్టం మాకూ పెట్టండి. నేను వాళ్ల పక్షం. ఆ పని చేస్తున్నవాళ్లు అడుగుతున్నదాన్ని పక్కనపెట్టి వాళ్ల మేలు నేను తేల్చలేను.

నేనెందుకు మానేశానంటే, నేను పనిచేసిన టూర్ కంపెనీ గ్రూపులో ఎవరైనా అడిగితే ముందే రేటు మాట్లాడి పెట్టమంది, కస్టమర్ సర్వీసులో భాగమని. ఎంత తగ్గిస్తే అంత మంచి మేనేజర్ అన్నట్టు. చేయనన్నాను. ఆ తర్వాత నాకు గ్రూపులు రాలేదు.

లెక్కలపుస్తకం

1997 ఉదాహరణ బలమైనది, దాన్ని కాదనను. కానీ అదే 1997లో హోటల్, మసాజ్, టాక్సీ అన్నీ చవకయ్యాయి. కుటుంబంతో సెలవుకెళ్లినవాడికి కూడా లాభం వచ్చింది అదే కూలిపోవడంలోంచి. అతన్ని కూడా అడుగుతారా?

తూర్పుగాలి

అడుగుతాను. గది తుడిచినామెకు జీతం సరిగ్గా అందుతోందా అని అతనూ పట్టించుకోవాలి. కానీ గది తుడిచే మనిషి తలుపు తీసి పెట్టుకుని పని చేయవచ్చు, అతిథి చేయి వేస్తే బయటికి పరుగెత్తవచ్చు, మేనేజర్‌కి చెప్పవచ్చు. ఆమె అమ్మేది గంటల పని. ఇక్కడ తలుపు మూసి ఉంటుంది, బయట అతని పేరు ఎవరికీ తెలియదు, ఒప్పుకున్నదానికి మించి అడిగితే ఆపడానికి ఆమె ఒంటి బలమే ఆమెకు దిక్కు. డబ్బు తేడా ఒకటే అయినా తేడావల్ల ప్రమాదం ఎక్కడ పడుతుందో చూడాలి కదా.

నిలకడ గారూ, మీ గ్రూపుకు ఒక పని చెప్పండి. నిజంగా ఇద్దరూ సమానంగా ఒప్పుకున్న లావాదేవీ అని నమ్మితే, ఆమె కార్డు కౌంటర్లో పెట్టినట్టే తమ పాస్‌పోర్టు ఫొటో, ఇంటి అడ్రసు ఆమె స్నేహితురాలి ఫోన్‌కి పంపి గదికి తీసుకెళ్లమనండి. పంపుతారో లేదో వాళ్లనే చెప్పమనండి.

నిలకడ

అడిగాను. "పిచ్చా నీకు, ఆ ఫొటో ఇంట్లోవాళ్ల దాకా వస్తే?" అన్నాడు మొదట వాదించినవాడే. ఆ భయం ఆమెకుండదా అని అడిగితే వాదన మళ్లీ మొదలైంది, ఇంకా నడుస్తోంది. ఇద్దరు మాత్రం టికెట్ క్యాన్సిల్ చేసుకుంటే ఎంత పోతుందో కనుక్కుంటున్నారు.